ఇంటికీ పనికీ వారధి – దుర్గాబాయి దేశ్‌ముఖ్

ధారూరు పరిసర గ్రామాలలో పొద్దు పొడవక ముందే పనులు మొదలవుతాయి. కంది చేలలో కూలికి వెళ్ళే స్త్రీలు, తాండూరు నాపరాళ్ళ గనులకూ బండలను నునుపుచేసే కర్మాగారాలకూ వెళ్ళే శ్రామికులు, వికారాబాదు మీదుగా హైదరాబాదుకు ఉద్యోగాలకు పోయేవారు తెల్లవారుజామునే ఇల్లు విడుస్తారు. వారిలో పసిబిడ్డ తల్లి అయిన ప్రతి స్త్రీకీ గడప దాటేముందు ఒక ప్రశ్న ఎదురవుతుంది. తాను తిరిగి వచ్చేవరకు బిడ్డను చూసేదెవరు? ఇంట్లో పెద్దదిక్కు ఉంటే సరే. లేనినాడు బిడ్డను చంకన వేసుకొని చేనుకు పోవాలి, లేదా బడికి పోవలసిన పెద్దకూతురిని ఇంట్లో ఆపివేయాలి, లేదా ఆనాటి కూలిని వదులుకోవాలి. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నా నష్టం తప్పదు.

ఇటువంటి ప్రశ్నను మనం చాలాకాలం ఆయా కుటుంబాల సొంత కష్టంగానే భావించాం. అది దేశం పంచుకోవలసిన బాధ్యత అని గుర్తించి, స్వతంత్ర భారత ప్రణాళికలలో దానికి స్థానం కల్పించిన వారిలో అగ్రగణ్యురాలు మన తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ నిర్మాణసభ సభ్యురాలిగా ఆమె పేరు అందరికీ తెలిసినదే. పనిచేసే స్త్రీకి అండగా ఆమె నిర్మించిన వ్యవస్థలను గురించి మాత్రం అంతగా తెలియదు. అవి ఆమె జీవితానుభవాల నుండి పుట్టినవి.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. బాల్యం కాకినాడలో గడిచింది. ఆనాటి ఆచారం ప్రకారం ఆమెకు ఎనిమిదేళ్ళ వయస్సులోనే వివాహం జరిగింది. ఊహ తెలిసిన తరువాత ఆ వివాహబంధంలో ఇమడలేనని ఆమె గ్రహించి, కాపురానికి వెళ్ళడానికి అంగీకరించలేదు. తండ్రి, సోదరుడు ఆమె నిర్ణయాన్ని సమర్థించారు. ఆడపిల్ల అభిప్రాయానికి విలువలేని ఆ రోజుల్లో ఇది సామాన్యమైన విషయం కాదు. తనవారు అండగా నిలిచిన స్త్రీ ఎంతదూరం నడవగలదో ఆమెకు చిన్ననాడే అనుభవంలోకి వచ్చింది. అటువంటి అండ లేని స్త్రీల గతి ఏమిటన్న ఆలోచన ఆమెను జీవితాంతం విడువలేదు.

పాఠశాలలో ఆంగ్ల మాధ్యమాన్ని నిరసించి ఆమె పన్నెండేళ్ళ ప్రాయంలో చదువు మానివేశారు. హిందీ నేర్చుకొని, తాను నేర్చినదాన్ని ఇతరులకు పంచడానికి బాలికల కోసం హిందీ పాఠశాల నెలకొల్పారు. గృహిణులు కూడా ఆమె వద్ద చదువుకున్నారు. 1921లో గాంధీజీ కాకినాడకు వచ్చినప్పుడు దేవదాసీలు, ఘోషా స్త్రీలు ఆయన్ను కలుసుకొనేందుకు ప్రత్యేకంగా సభ ఏర్పాటు చేయించారు. 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా జరిగిన ప్రదర్శనకు స్వచ్ఛంద సేవకురాలిగా ఉన్నప్పుడు, టిక్కెట్టు లేదన్న కారణంతో జవహర్‌లాల్ నెహ్రూనే ద్వారం వద్ద ఆపివేశారు. నియమం అందరికీ ఒక్కటే అన్న ఆ పట్టుదల తరువాతి కాలంలో ఆమె పాలనాదక్షతకు పునాది అయింది.

ఉప్పు సత్యాగ్రహం మొదలైనప్పుడు దుర్గాబాయి మద్రాసులో ఉద్యమించారు. 1930-33 సంవత్సరాల మధ్య మూడు పర్యాయాలు కారాగారశిక్ష అనుభవించారు. మధుర జైలులో ఏకాంతవాసం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. అయినా జైలు ఆమెకు గొప్ప పాఠశాల అయింది. చట్టం తెలియక, చదువు రాక, తాము చేయని నేరాలను సైతం ఒప్పుకొని శిక్షలు అనుభవిస్తున్న నిరుపేద స్త్రీలను ఆమె అక్కడ చూశారు. వారి తరఫున వాదించడానికి తాను న్యాయశాస్త్రం చదవాలన్న సంకల్పం ఆమెకు అక్కడే కలిగింది.

ఆ సంకల్పం నెరవేరడానికి ముందుగా, ఎప్పుడో వదిలిన చదువును మొదటి నుండి అందుకోవలసి వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటిన తరువాత ఆమె బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు కూర్చున్నారు. వయసు మీరిన స్త్రీ తిరిగి పుస్తకం పట్టడంలోని కష్టమేమిటో, ఆమెకు తగిన పాఠాలు చెప్పే ఏర్పాటు లేకపోవడం ఎంతటి ఆటంకమో స్వయంగా అనుభవించారు. పట్టభద్రురాలు కావడానికి వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించినప్పుడు, స్త్రీలకు వసతిగృహం లేదన్న సమస్య ఎదురైంది. ఆమె నిరాశపడలేదు. చదువుకోదలచిన స్త్రీలు ముందుకు రావలసిందిగా పత్రికలో ప్రకటన ఇచ్చి, కొందరిని సమకూర్చి, వారితో కలిసి వసతి ఏర్పాటు చేసుకున్నారు. ఆ విధంగా తనతోపాటు మరికొందరికి విశ్వవిద్యాలయ ద్వారాలు తెరిపించారు. తలదాచుకొనే చోటు లేకపోవడం కూడా స్త్రీ చదువుకూ ఉద్యోగానికీ అడ్డుగోడ అవుతుందన్న సత్యం ఆమెకు ఇక్కడ బోధపడింది. రాజనీతిశాస్త్రంలో ఉన్నత విద్య ముగించి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా పొంది, న్యాయవాద వృత్తిని చేపట్టారు.

ఈ లోపుననే, 1937లో, మద్రాసు మైలాపూరులో కొద్దిమంది బాలికలతో ఒక చిన్న సంఘాన్ని ప్రారంభించారు. అదే క్రమంగా ఆంధ్ర మహిళా సభగా వికసించింది. చదువు మధ్యలో ఆగిపోయిన వనితలను, వితంతువులను, భర్త ఆదరణకు నోచుకోని వారిని చేరదీసి బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధం చేయడం ఆ సంస్థ తొలి కార్యక్రమాలలో ఒకటి. తాను నడిచిన ముళ్ళబాటను ఇతరుల కోసం చదునుచేయడమే ఆమె పద్ధతి. పిమ్మట వృత్తిశిక్షణ, నర్సింగు శిక్షణ, వైద్యశాల ఒక్కొక్కటిగా సమకూరాయి. జాలితో అన్నంపెట్టి పంపడం కంటే, ఆమె అన్నం ఆమె సంపాదించుకొనే శక్తిని కలిగించడం మేలని దుర్గాబాయి నమ్మారు.

1946లో మద్రాసు నుండి రాజ్యాంగ నిర్మాణసభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల వర్గంలో ఉన్న ఏకైక మహిళ ఆమె. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయస్సును 35 నుండి 30 ఏళ్ళకు తగ్గించిన సవరణ ఆమె ప్రతిపాదించినదే. ఆ సభ ఆమోదించిన రాజ్యాంగంలోని 42వ అధికరణం, మానవీయమైన పని పరిస్థితులనూ ప్రసూతి సహాయాన్నీ కల్పించవలసిన కర్తవ్యాన్ని రాజ్యం మీద ఉంచింది.

ఈ ఆశయానికి అప్పటికే కొంత పూర్వరంగం ఉంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లోనే ప్రసూతి రక్షణపై ఒక ఒడంబడికను ఆమోదించింది. మనదేశంలో బొంబాయి రాష్ట్రం 1929లో ప్రసూతి ప్రయోజనాల చట్టం చేసింది. 1942-46 మధ్య వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మికశాఖను నిర్వహించిన డాక్టర్ అంబేద్కర్, గనులలో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టాన్ని మెరుగుపరిచారు. 1948 నాటి కర్మాగారాల చట్టం, 50 మందికి మించి స్త్రీలు పనిచేసే చోట వారి ఆరేళ్ళలోపు పిల్లల కోసం శిశుగృహం ఉండాలని ఆదేశించింది. 1976లో ఈ సంఖ్యను 30కి తగ్గించారు. ఇవన్నీ గొప్ప చట్టాలే. అయితే ఇవి గేటూ, హాజరుపట్టీ ఉన్న కర్మాగారాలకు, గనులకు వర్తించేవి. దేశంలో పనిచేసే స్త్రీలలో అత్యధికులు పొలాలలో, ఇళ్ళలో, చిన్నచిన్న పనిచోట్ల ఉండేవారు. వారి హాజరు వేసే యజమానీ లేడు, వారి బిడ్డకు ఊయల కట్టే చట్టమూ లేదు. ఈ ఖాళీని పూరించడమే దుర్గాబాయి తరువాతి కృషికి లక్ష్యం.

1952 సాధారణ ఎన్నికలలో ఆమె ఓడిపోయారు. అయినా ఆమె సామర్థ్యాన్ని ఎరిగిన నెహ్రూ ప్రభుత్వం ఆమెను ప్రణాళికా సంఘ సభ్యురాలిగా నియమించింది. సాంఘిక సేవల భారం ఆమెకు దక్కింది. ఆనకట్టలు, ఉక్కు కర్మాగారాలు, ఎరువుల వంటి మహానిర్మాణాల గురించి చర్చలు సాగుతున్న ఆ వేదిక మీద, తల్లులకూ పిల్లలకూ ప్రణాళికలో ప్రత్యేకంగా నిధులు ఉండాలని ఆమె వాదించారు. ఫలితంగా మొదటి పంచవర్ష ప్రణాళికలో స్వచ్ఛంద సంస్థలకు సహాయంగా 4 కోట్ల రూపాయలు కేటాయించారు. ఆ నిధిని వినియోగించడానికి 1953 ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడింది. దుర్గాబాయి దాని ప్రథమ అధ్యక్షురాలు అయ్యారు.

అదే సంవత్సరం జనవరిలో ఆమె వ్యక్తిగత జీవితంలోనూ ఒక మలుపు వచ్చింది. రిజర్వు బ్యాంకు తొలి భారతీయ గవర్నరు, అప్పటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌తో ఆమె వివాహం నిరాడంబరంగా జరిగింది. పెళ్ళి తరువాత స్త్రీ తన పనిని విడిచిపెట్టాలన్న లోకరీతిని ఆ దంపతులు పాటించలేదు. ఆమె జీవితంలోని పెద్ద పనులు చాలావరకు వివాహానంతరం చేసినవే.

సంక్షేమ మండలి అధ్యక్షురాలిగా ఆమె ఎంచుకున్న మార్గం గమనింపదగినది. అన్నీ ప్రభుత్వమే నడపాలని ఆమె భావించలేదు, అన్నీ దాతల దయకు వదిలివేయనూ లేదు. నిధులు ప్రభుత్వానివి, నిర్వహణ స్థానిక స్వచ్ఛంద సంస్థలది, పర్యవేక్షణ మండలిది. ఈ విధంగా బాధ్యతను మూడుగా పంచారు. 1954లో గ్రామీణ సంక్షేమ విస్తరణ పథకాలు ప్రారంభమయ్యాయి. ఒక్కొక్క పథకం కిందికి సుమారు 25 గ్రామాలు వచ్చేవి. గ్రామసేవిక, మంత్రసాని, చేతిపనులు నేర్పే బోధకురాలు వీటికి ఆయువుపట్టు. పసిపిల్లలకు బాలవాడి, గర్భిణులకు వైద్యసహాయం, వయోజన స్త్రీలకు చదువు, తీరిక వేళ నాలుగు రాళ్ళు సంపాదించుకొనే వృత్తిశిక్షణ ఒకే కేంద్రంలో సమకూర్చడం ఈ పథకాల ప్రత్యేకత. బిడ్డ సంరక్షణ, తల్లి ఆరోగ్యం, ఆమె చదువు, సంపాదన వేరువేరు సమస్యలుగా కనిపించినా ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉంటాయని ఆమె అనుభవపూర్వకంగా ఎరుగుదురు.

ఆ పథకాలకు గ్రామసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులు పెద్దసంఖ్యలో కావలసివచ్చారు. అయితే పల్లెలలో అందుకు తగిన చదువున్న స్త్రీలు అరుదు. పట్టణాల నుండి వచ్చినవారు నిలిచేవారు కారు. ఈ చిక్కుకు దుర్గాబాయి కనిపెట్టిన పరిష్కారం 1958లో ఆరంభమైన సంక్షిప్త విద్యాకోర్సులు. కుటుంబ భారంతోనో బాల్యవివాహంతోనో చదువు ఆపిన వయోజన స్త్రీలు రెండేళ్ళలో మెట్రిక్యులేషన్ స్థాయిని అందుకొనేలా ఈ కోర్సులను రూపొందించారు. మైలాపూరులో కొద్దిమందితో చేసిన ప్రయత్నమే ఇక్కడ దేశవ్యాప్త విధానం అయింది. చదువుకు వయసు దాటిపోయిందన్న మాటను ఆమె అంగీకరించలేదు. సంసారం కోసం కొన్నేళ్ళు ఆగిన స్త్రీకి తిరిగి వచ్చేందుకు దారి ఉండాలని, ఆ దారిని సమాజమే వేయాలని ఆమె ఆశయం.

ఊరు విడిచి ఉద్యోగానికి వచ్చిన స్త్రీలకు క్షేమకరమైన నివాసం అవసరమని గుర్తించి, ఉద్యోగినుల వసతిగృహాలకు మండలి ద్వారా సహాయం అందించారు. వాల్తేరులో తాను పడిన ఇబ్బందికి ఇది సమాధానం. కేంద్రప్రభుత్వం 1972-73లో ఉద్యోగినుల వసతిగృహాల నిర్మాణానికి ప్రత్యేక పథకాన్నే ప్రవేశపెట్టింది. 1958లో ఏర్పడిన జాతీయ స్త్రీవిద్యా సంఘానికి కూడా దుర్గాబాయియే అధ్యక్షత వహించారు. మరుసటి ఏడాది ఆ సంఘం ఇచ్చిన నివేదిక, పల్లెలలో పనిచేసే ఉపాధ్యాయినులకు నివాస వసతి కల్పించవలసిన అవసరాన్ని నొక్కిచెప్పింది.

కుటుంబంలోని కలతలు కూడా స్త్రీ జీవనోపాధిని దెబ్బతీస్తాయని న్యాయవాదిగా ఆమెకు తెలుసు. 1953లో చైనా పర్యటన చేసి వచ్చిన తరువాత, కుటుంబ వివాదాలను సానుభూతితో, త్వరితంగా పరిష్కరించడానికి ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఆమె ప్రతిపాదించారు. పలువురు న్యాయమూర్తులతో, ప్రధానమంత్రితో చర్చించారు. ఆ ఆలోచన ఫలించి కుటుంబ న్యాయస్థానాల చట్టం వచ్చింది 1984లో. అప్పటికి ఆమె జీవించి లేరు.

ఆంధ్ర మహిళా సభ హైదరాబాదుకు విస్తరించి వైద్యశాలను, విద్యాసంస్థలను నెలకొల్పింది. దేశ్‌ముఖ్ దంపతులు చివరి సంవత్సరాలలో హైదరాబాదులోనే నివసించారు. 1975లో భారత ప్రభుత్వం దుర్గాబాయిని పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు.

ఆమె నాటిన విత్తనాలు ఎంతవరకు ఫలించాయో పరిశీలించడం ఆమెకు మనమిచ్చే నిజమైన నివాళి. 1975 అక్టోబరు 2న 33 ప్రాంతాలలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం, బాలవాడులు చూపిన బాటలోనే అంగన్‌వాడీగా ఊరూరా విస్తరించింది. పనికి వెళ్ళే తల్లుల పిల్లల కోసం 1970ల మధ్యలో వచ్చిన శిశుగృహాల పథకం అమలులో సాంఘిక సంక్షేమ మండలి కూడా పాలుపంచుకొంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం వేతనంతో 12 వారాల సెలవు కల్పించగా, 2017 సవరణ మొదటి ఇద్దరు బిడ్డల విషయంలో దాన్ని 26 వారాలకు పెంచింది. 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో శిశుగృహం ఉండాలన్నది. 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టం, పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది ఉంటే, వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి చెల్లించాలని నిర్దేశించింది. పిల్లలను చూడడం కూడా కూలి ఇవ్వదగిన పని అని చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయినా లోటు మిగిలే ఉంది. 2008లో కేంద్రప్రభుత్వ ఉద్యోగినులకు ఉద్యోగకాలం మొత్తంలో 730 రోజుల శిశుసంరక్షణ సెలవు లభించింది. చేనులో కలుపుతీసే తల్లికి, బండలు మోసే తల్లికి అటువంటి సెలవు ఊహకందనిది. పూటబడి వంటి కేంద్రం కొద్దిగంటలకే మూతపడితే, పొద్దుగూకే వరకు పనిచేసే తల్లికి అది పూర్తి అండ కాలేదు. పదిమంది పిల్లలను సాకే అంగన్‌వాడీ కార్యకర్త సైతం చాలాకాలం గౌరవవేతనం మీదనే ఆధారపడింది. ఆమెకు గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పవలసి వచ్చింది. మరొక సంగతి కూడా మరువరాదు. ఈ పథకాలలో ఎక్కువభాగం పిల్లల సంరక్షణను తల్లి పనిగానే ఎంచాయి. ఇంటిపనిలో, పిల్లల పెంపకంలో తండ్రికీ సమానమైన పాలు ఉన్నప్పుడే ఆ బరువు నిజంగా తగ్గుతుంది. చట్టం శిశుగృహాన్ని కట్టించగలదు. ఇంట్లో పని పంచుకొనే సంస్కారాన్ని మాత్రం మనమే అలవరచుకోవాలి.

దుర్గాబాయి తన జీవితంలో ఎదురైన ప్రతి అడ్డంకినీ తనొక్కరి కష్టంగా భావించి ఊరుకోలేదు. తనకు చదువు ఆగిపోతే ఇతరుల కోసం కోర్సులు పెట్టించారు. తనకు వసతి దొరకకపోతే ఇతరుల కోసం వసతిగృహాలకు బాటవేశారు. జైలులో అజ్ఞానాన్ని చూసి న్యాయశాస్త్రం చదివారు. సొంత అనుభవాన్ని ప్రజావిధానంగా మలచడమే ఆమె గొప్పతనం. నేడు ధారూరులోనైనా మరే ఊరిలోనైనా, ఒక తల్లి తన బిడ్డను అంగన్‌వాడీలో దింపి, నిశ్చింతగా పనికి నడిచి వెళ్ళగలిగితే, ఆ నిశ్చింత వెనుక ఆ మహనీయురాలి శ్రమ ఉంది. ఆమె పెద్దకూతురు ఇంట్లో ఆగిపోకుండా పుస్తకాల సంచితో కళాశాలకు వెళ్ళగలిగిన నాడు ఆ శ్రమ సఫలమవుతుంది.